నెట్‌వర్క్ క్యాబినెట్‌లో కేబుళ్లు సర్దడం ఎలా: ఒకటి తీస్తే పక్కది కదలకుండా

ర్యాక్ (క్యాబినెట్‌లో నెట్‌వర్క్ పరికరాలు బిగించే చట్రం) పని గురించి అడిగేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవి మూడు ప్రశ్నలు. జిప్ టైలు వాడొచ్చా? పవర్ కేబుళ్లనీ డేటా కేబుళ్లనీ ఒకే పక్క నుంచి తీసుకెళ్లొచ్చా? అన్నీ చక్కగా కట్టేశాక రెండు లింకులు (పరికరాల మధ్య కనెక్షన్లు) ఎందుకు పడిపోయాయి? వీటికి విడివిడిగా జవాబులు చెప్పేకంటే ఖాళీ క్యాబినెట్ దగ్గర మొదలుపెట్టి ఆఖరి పరీక్ష దాకా వరుసగా రాయడమే మేలు. ఎందుకంటే మూడో ప్రశ్నకు జవాబు చాలాసార్లు మొదటి రెండింట్లోనే ఉంటుంది.

పని బాగా కుదిరిందో లేదో ఫొటో చూసి తేల్చకండి. మధ్యలో ఉన్న ఒక స్విచ్ (నెట్‌వర్క్ కేబుళ్లన్నిటినీ కలిపే పరికరం) పాడైందనుకోండి. దాన్ని బయటికి లాగి కొత్తది బిగించేటప్పుడు పక్క పరికరాల కేబుల్ ఒక్కటి కూడా పీకాల్సిన పని పడకపోతే సర్దడం బాగున్నట్టు. చూడటానికి ముచ్చటగా ఉన్న ర్యాకుల్లో చాలా ఈ పరీక్షకు నిలబడవు. కేబుళ్లన్నీ స్విచ్ ముఖం మీదుగా బిగుతుగా అడ్డంగా పోతుంటాయి, ఫ్యాన్ ట్రే తీయాలంటే సగం పోర్టులు ఊడదీయాలి. కింద చెప్పేవన్నీ ఈ ఒక్క కొలత మీదే నడుస్తాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- వెల్క్రో పట్టీ రోల్. ముందే కోసిన ముక్కలకంటే రోల్ మంచిది, కట్ట ఎంత లావున్నా సరిపడా కత్తిరించుకోవచ్చు.
- అడ్డ కేబుల్ మేనేజర్లు (1యూ లేదా 2యూ), పక్కలకు నిలువు మేనేజర్లు లేదా డీ-రింగులు. యూ అంటే ర్యాక్‌లో ఎత్తు కొలిచే ప్రమాణం, 1యూ అంటే 44.45 మి.మీ. ఎత్తు.
- ప్యాచ్ ప్యానెల్ (గోడల్లోంచి వచ్చే కేబుళ్లు ముగిసే పోర్టుల వరుస) వెనక బరువు మోయడానికి సపోర్ట్ బార్. కొన్ని ప్యానెళ్లతోపాటే వస్తుంది, రాకపోతే విడిగా తెచ్చుకోండి.
- రకరకాల పొడవుల్లో ఫ్యాక్టరీలో తయారైన ప్యాచ్ కార్డులు (ప్యానెల్ పోర్టును స్విచ్ పోర్టుతో కలిపే పొట్టి కేబుళ్లు). ఒకే పొడవువి కట్టలు కట్టలుగా కొనేయకండి, కారణం 5లో చెబుతాను.
- కేజ్ నట్లు (ర్యాక్ రెయిలు చదరపు రంధ్రాల్లో కూర్చునే నట్లు), స్క్రూలు, కేజ్ నట్ పెట్టే పనిముట్టు. చేత్తో గానీ స్క్రూడ్రైవర్‌తో గానీ నొక్కితే వేళ్లు తెగుతాయి.
- లేబుల్ ప్రింటర్, కేబుల్ చుట్టూ తిరిగే పారదర్శక తోక ఉన్న లేబుళ్లు.
- కేబుల్ టెస్టర్. కనీసం ఎనిమిది తీగలూ వరుసలో ఉన్నాయో లేదో చూపేది.
- ఫైబర్ ఉంటే కనెక్టర్ క్లీనర్, డస్ట్ క్యాపులు, సాధ్యమైతే పవర్ మీటర్.
- ఫ్లష్ కట్టర్. పాత టైలు కత్తిరించడానికి ఇది తప్ప వేరేది వద్దు. కత్తి, బ్లేడు అసలే వద్దు.
- యాంటీ స్టాటిక్ రిస్ట్ స్ట్రాప్, ఖాళీ యూలను మూసే బ్లాంకింగ్ ప్యానెళ్లు, ఒక పురికొస.

చెయ్యి పెట్టకముందు

క్యాబినెట్ నేలకు గానీ పక్క క్యాబినెట్‌కు గానీ బిగించి ఉందా, కాళ్లు నేలకు సమంగా ఆనుతున్నాయా చూడండి. స్లైడ్ రెయిల్స్ మీద ఉన్న పరికరాలను ఒకేసారి రెండు మూడు బయటికి లాగకండి, బరువంతా ముందుకొచ్చి క్యాబినెట్ ఒరిగిపోతుంది. బరువైన యూపీఎస్, స్టోరేజ్ లాంటివి అడుగున ఉండాలి.

పవర్ కేబుళ్ల ఇన్సులేషన్ చిట్లినా, ప్లగ్గు నల్లబడినా ఆ సర్క్యూట్ ఆపించకుండా ముట్టుకోకండి. పీడీయూకి (పరికరాలకు కరెంటు పంచే ప్లగ్గుల పట్టీకి) వచ్చే సరఫరా తీగల పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ది. మన పని ప్లగ్గు నుంచి పరికరం దాకానే.

ఫైబర్ చివరను, ట్రాన్స్‌సీవర్ (సిగ్నల్‌ను కాంతిగా మార్చే భాగం) రంధ్రాన్ని కంటికి ఎదురుగా పెట్టి చూడొద్దు. 1310, 1550 నానోమీటర్ల కాంతి కంటికి కనిపించదు కాబట్టి వెలుగు లేదని అనుకోవడానికి వీల్లేదు. మైక్రోస్కోప్ పెట్టేముందు అవతలి చివర ఆపేశారని ఖాయం చేసుకోండి.

నడుస్తున్న ర్యాక్ అయితే ఇంకొక పని ఉంది. ప్రతి పోర్టు లింక్ స్పీడు, ఎర్రర్ కౌంటర్లు, ఫైబర్ పోర్టుల రిసీవ్ పవర్ (అందే కాంతి బలం) ఇప్పుడే రాసిపెట్టుకోండి. అన్ని వైపుల నుంచి ఫొటోలూ తీయండి. పని అయ్యాక పోల్చుకోవడానికి ఇవి లేకపోతే, కొత్తగా వచ్చిన తప్పుకూ పాత తప్పుకూ తేడా తెలియదు.

1. ఏది ఏ యూలో, ఏ కేబుల్ ఏ దారిలో

కాగితం మీద ర్యాక్ బొమ్మ గీయండి. ప్యాచ్ ప్యానెల్, మేనేజర్, స్విచ్, మళ్లీ మేనేజర్, ప్యానెల్ అన్న వరుస చాలాచోట్ల కుదురుతుంది. మరీ దట్టమైన ర్యాకుల్లో అడ్డ మేనేజర్ లేకుండా 24 పోర్టుల ప్యానెల్ పక్కనే 24 పోర్టుల స్విచ్ పెట్టి, మూడు నాలుగు అంగుళాల పొట్టి కార్డులతో నేరుగా కలిపేస్తారు. యూలు ఆదా అవుతాయి, చూడటానికీ బాగుంటుంది. కానీ ప్యానెల్ వరుస మార్చకుండా స్విచ్ పోర్టు మార్చలేరు, పాడైన స్విచ్ బదులు వేరే మోడల్ పెడితే పోర్టుల దూరం కలవకపోవచ్చు. పోర్టులు తరచూ మారే చోట నేను దీన్ని సిఫార్సు చేయను.

కేబుల్ దారులకు ఒక కచ్చితమైన నియమం పెట్టుకోండి. వెనకవైపు నుంచి చూస్తే పవర్ ఒక పక్క, డేటా ఇంకో పక్క. పవర్ రెండు ఫీడ్లయి (విడివిడి సరఫరాలయి) రెండు పక్కలా పీడీయూలు ఉంటే, డేటాను నిలువు మేనేజర్లో పవర్‌కు వీలైనంత ఎడంగా తీసుకెళ్లండి. రెండూ ఒకదాన్ని ఒకటి దాటాల్సిన చోట 90 డిగ్రీల్లో దాటించండి. పక్కపక్కనే పొడవునా సాగకూడదు. 600 మి.మీ. వెడల్పు క్యాబినెట్లో పక్కల చోటు చాలా తక్కువ. కొత్తగా తెప్పిస్తున్నట్టయితే 800 మి.మీ. వెడల్పుది అడగండి.

మేనేజర్లను మొదటి రోజే నింపేయకండి. సగం చోటు మిగలాలి.

2. క్యాబినెట్‌ను సిద్ధం చేయడం

కేబుళ్లు లోపలికి వచ్చే ప్రతి రంధ్రం అంచునూ వేలితో తడిమి చూడండి. గరుకుగా తగిలిన చోట రబ్బర్ గ్రోమెట్ పెట్టండి, లేదంటే బ్రష్ ప్యానెల్ బిగించండి. రేకు అంచు కేబుల్ తొడుగును మెల్లగా కోస్తుంది. ఇవాళ కనిపించదు, తలుపు తీసి మూసిన ప్రతిసారీ ఒక గీత లోతు పెరుగుతుంది.

క్యాబినెట్ బాడీ, తలుపులు భవనం ఎర్తింగ్‌కు బాండ్ అయి (తీగతో కలిసి) ఉన్నాయో లేదో చూడండి. తలుపుకు విడిగా ఒక ఎర్త్ తీగ ఉంటుంది, తలుపు పీకినప్పుడు దాన్ని తిరిగి తగిలించడం చాలామంది మర్చిపోతారు. షీల్డ్ ఉన్న కేబుల్ వాడుతుంటే ప్యానెల్ కూడా ర్యాక్‌కు బాండ్ అవ్వాలి. అది లేకపోతే షీల్డ్‌కు డబ్బు పెట్టి ప్రయోజనం లేదు.

ముందు రెయిలుకూ తలుపుకూ మధ్య ఎంత చోటు ఉందో కొలవండి. పోర్టులో ప్లగ్గు పెట్టాక దాని తోక, ఆ వెనక వంపు తలుపుకు తగలకూడదు. తగిలితే రెయిళ్లను వెనక్కి జరపడానికి సరైన సమయం ఇదే. పరికరాలు బిగించాక అది కుదరని పని.

3. మొదట పవర్

పవర్ కేబుళ్లే ముందు వెళ్లాలి. అవి మందం, వంగవు, డేటా కేబుళ్లు నిండాక వాటిని దూర్చడం కష్టం.

రెండు పవర్ సప్లైలు ఉన్న పరికరానికి ఒక కేబుల్ 'ఏ' (A) పీడీయూలో, ఇంకొకటి 'బీ' (B) పీడీయూలో పెట్టండి. రెంటికీ వేరే రంగు కేబుళ్లు వాడితే తప్పు చూపుకే దొరుకుతుంది. రెండు కేబుళ్లూ ఒకే పీడీయూలో ఉండటం నేను ఎక్కువగా చూసే పొరపాటు. ఆ పీడీయూ పోయిన రోజు దాకా అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. లోడ్ కూడా లెక్కేయండి. ఒక పీడీయూ పోతే రెండోది మొత్తం మోయాలి కాబట్టి, మామూలుగా నడిచేటప్పుడు ఒక్కొక్కటి తన పరిమితిలో సగానికి లోపే ఉండాలి.

పొడవు ఎక్కువైన పవర్ కేబుల్‌ను చుట్టలు చుట్టి బిగించి కట్టకండి. చుట్టలో వేడి నిలుస్తుంది, పైగా ఆ ముద్ద వెనక గాలి దారిని మూసేస్తుంది. సరిపడే పొడవు కేబుల్ తెచ్చుకోండి. ప్లగ్గులు వదులవకుండా లాకింగ్ ఉన్న కేబుళ్లు వాడండి, లేదా పరికరం ఇచ్చిన రిటైనర్ క్లిప్పు పెట్టండి. పక్క కేబుల్‌ను సర్దుతూ మోచెయ్యి తగిలి పవర్ ఊడటం మామూలుగా జరిగే విషయమే.

4. ప్యాచ్ ప్యానెల్ వెనక పర్మనెంట్ కేబుళ్లు

గోడల్లోంచి, సీలింగ్‌లోంచి వచ్చే కేబుళ్లు గట్టి రాగి తీగవి. వీటిని ప్యానెల్లో పంచ్ చేయాలి (తీగలను వెనక గాళ్లలో నొక్కి బిగించాలి), వీటికి ప్లగ్గులు కొట్టి స్విచ్‌లో పెట్టకూడదు. గట్టి తీగ పదే పదే వంగితే విరుగుతుంది.

- లాగేటప్పుడు బలం 110 న్యూటన్లు దాటకూడదు, అంటే సుమారు 11 కిలోల బరువు వేలాడదీసినంత. చిక్కుకుంటే గుంజకండి, వెనక్కి వెళ్లి ఎక్కడ పట్టేసిందో చూడండి.
- షీల్డ్ లేని కేబుల్ వంపు వ్యాసార్ధం దాని మందానికి నాలుగు రెట్లు తగ్గకూడదు. 6 మి.మీ. మందమున్న క్యాట్6 రకం కేబుల్ అయితే దాదాపు 25 మి.మీ. క్యాట్6ఏ ఇంకా లావు కాబట్టి వంపు ఇంకా వెడల్పుగా ఉండాలి.
- పంచ్ చేసే చోట జంటల (రెండేసి మెలిపెట్టిన తీగల) మెలికను 13 మి.మీ. మించి విప్పకండి. తొడుగు కూడా వీలైనంత దగ్గరిదాకా ఉండాలి.
- 24 పోర్టుల ప్యానెల్లో 1–12 ఎడమ నుంచి, 13–24 కుడి నుంచి తీసుకురండి. సపోర్ట్ బార్ మీద వెల్క్రోతో ఆనించండి. కట్ట బరువు పంచ్ మీద పడకూడదు.

ప్యానెల్‌ను ముందుకు లాగి తిరిగి పంచ్ చేయడానికి సరిపడా అదనపు పొడవు వదలండి. దాన్ని క్యాబినెట్ లోపల చిన్న చుట్టలుగా కుక్కకండి. సీలింగ్ ట్రేలోనో, ఫ్లోర్ కిందో వెడల్పైన లూపుగా వదిలితే చాలు.

ప్రతి కేబుల్‌నూ పంచ్ చేసిన వెంటనే టెస్ట్ చేయండి. మొత్తం కట్టాక టెస్ట్ చేస్తే తప్పున్న ఒక్క కేబుల్ కోసం కట్టంతా విప్పాలి. పొడవు లెక్క కూడా గుర్తుంచుకోండి: ప్యానెల్ నుంచి సాకెట్ దాకా 90 మీటర్లు, రెండు చివర్ల ప్యాచ్ కార్డులు కలిపి 10 మీటర్లు.

5. ముందువైపు ప్యాచ్ కార్డులు

చాలా ర్యాకులు పాడయ్యేది ఇక్కడే.

కార్డు పొడవును కళ్లతో అంచనా వేయకండి. పురికొసను ప్యానెల్ పోర్టు నుంచి అడ్డ మేనేజర్, నిలువు మేనేజర్, మళ్లీ అడ్డ మేనేజర్ మీదుగా స్విచ్ పోర్టు దాకా అసలు దారిలోనే నడిపించి కొలవండి. దానికి ఒక చెయ్యి వెడల్పు కలిపితే కావాల్సిన పొడవు వస్తుంది. ఇందుకే ఒకే పొడవు కార్డులు కొనొద్దన్నాను. మరీ పొట్టివి పోర్టును ఒక పక్కకు లాగుతూ ఉంటాయి, మరీ పొడవువి మేనేజర్‌ను నింపేస్తాయి.

పోర్టుల్లో సగం ఎడమకు, సగం కుడికి పంపండి. స్విచ్ ముఖాన్ని దాటుకుంటూ అడ్డంగా వెళ్లే కేబుల్ ఒక్కటి కూడా ఉండకూడదు. పవర్ సప్లై, ఫ్యాన్ ట్రే, మాడ్యూల్ స్లాట్ల ఎదురుగా చోటు పూర్తిగా ఖాళీగా ఉండాలి. మాడ్యూళ్లు మార్చే పెద్ద చాసిస్ అయితే ఏ మాడ్యూల్‌కు చెందిన కేబుళ్లు ఆ మాడ్యూల్ పక్కనుంచే బయటికి వెళ్లాలి.

గాలి దారి కూడా చూడండి. చాలా పరికరాలు ముందు నుంచి గాలి పీల్చి వెనక వదులుతాయి. కానీ కొన్ని స్విచ్‌లు పోర్టుల వైపు నుంచి వేడి గాలి వదులుతాయి, ఇంకొన్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు. పక్కల నుంచి గాలి పీల్చే స్విచ్ దగ్గర నిలువు కట్ట నేరుగా రంధ్రాల ముందు నిలబడితే స్విచ్ వేడెక్కుతుంది. పరికరం మాన్యువల్‌లో గాలి ఏ వైపు పోతుందో చూసి, ఆ చోట కట్టను పక్కకు జరపండి. ఖాళీ యూలకు బ్లాంకింగ్ ప్యానెళ్లు పెట్టండి, లేకపోతే వెనక వేడి గాలి ముందుకు తిరిగొస్తుంది.

ప్లగ్గు పెట్టినప్పుడు లాచ్ టిక్కుమనాలి. పెట్టాక కొద్దిగా వెనక్కి లాగి చూడండి. లాచ్ విరిగిన కార్డు ఎంత కొత్తదైనా పక్కన పడేయండి.

లేబుల్ ఈ దశలోనే, కేబుల్‌ను మేనేజర్లో పెట్టకముందే వేయండి. రెండు చివర్లా ఒకేలా, రెండు చివర్ల చిరునామా ఉండాలి: ర్యాక్, యూ, పోర్టు, అవతలి ర్యాక్, యూ, పోర్టు. ప్లగ్గు నుంచి నాలుగైదు వేళ్ల దూరంలో అతికిస్తే వేలితో తిప్పి చదవొచ్చు. సర్వర్ పేరు, మనుషుల పేరు రాయకండి. అవి మారతాయి, చోటు మారదు. రంగుల విషయం మీ ఇష్టం, కానీ ఒక రంగుకు ఒకటే అర్థం ఉండాలి, అది తలుపు లోపల రాసి అతికించాలి.

6. ఫైబర్, డీఏసీ కేబుళ్లు

ఫైబర్‌కు వేరే దారి ఇవ్వండి. రాగి కట్ట కింద ఎప్పుడూ నలగకూడదు. వంపు వ్యాసార్ధం 30 మి.మీ. తగ్గకుండా చూసుకుంటే మామూలు జంపర్లకు (ఫైబర్ ప్యాచ్ కార్డులకు) భయం ఉండదు. జీ.657 రకం (వంపును ఎక్కువగా తట్టుకునే ఫైబర్) ఇంకా తిరుగుతుంది గానీ, ర్యాక్‌లో ఏ జంపర్ ఏ రకమో ఎవరూ చూడరు, కాబట్టి అన్నిటికీ ఒకే నియమం పాటించడమే క్షేమం. అదనపు పొడవును ఫైబర్ స్పూల్ చుట్టూ చుట్టండి, దాన్ని కూడా వదులుగా వెల్క్రోతోనే పట్టించాలి. ఫైబర్‌కు జిప్ టై ఎంత వదులుగా వేసినా తప్పే.

పెట్టే ప్రతిసారీ రెండు వైపులా శుభ్రం చేయండి, ప్యాకెట్‌లోంచి అప్పుడే తీసిన జంపర్‌ను కూడా. ఖాళీ పోర్టుకు, ఖాళీ చివరకు క్యాపు ఉండాలి.

డీఏసీ కేబుళ్లు (రెండు చివర్లా ట్రాన్స్‌సీవర్ పోర్టులో పెట్టే కనెక్టర్లతో వచ్చే రాగి కేబుళ్లు) బిరుసుగా ఉంటాయి. కనెక్టర్ వెనకే మడిస్తే లోపలి తీగ దెబ్బతింటుంది. పైగా ఆ బిరుసు ట్రాన్స్‌సీవర్ పోర్టును కిందకో పక్కకో లాగుతూ ఉంటుంది. కనెక్టర్ నుంచి కొంత దూరం తిన్నగా రానిచ్చి ఆ తర్వాత వంచండి, వంపు పరిమితి తయారీదారు పత్రంలో చూడండి. దారి మెలికలతో ఉంటే డీఏసీ బదులు యాక్టివ్ ఆప్టికల్ కేబుల్ గానీ ట్రాన్స్‌సీవర్, ఫైబర్ గానీ వాడటం నయం.

7. కట్టడం

మొదట్లో చెప్పిన మూడు ప్రశ్నల్లో మొదటిదాని జవాబు: డేటా కేబుళ్లకు జిప్ టై వద్దు.

కారణం ఏమిటో మీరే చూడొచ్చు. ఏ పాత ర్యాక్‌లోనైనా బాగా బిగించిన టైని కత్తిరించి, దాని కింద ఉన్న కేబుల్‌ను వేలితో నిమరండి. టై వెడల్పున ఒక గుంట తగులుతుంది. ఆ గుంట లోపల జంటలు ఒకదానికొకటి దగ్గరకు నొక్కుకుపోయి ఉంటాయి, వాటి మధ్య దూరం మారితే ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు కేబుల్ ఇచ్చే అడ్డు) అక్కడ మారుతుంది, సిగ్నల్లో కొంత వెనక్కి తిరుగుతుంది. ఒక్క గుంటతో లింక్ పోకపోవచ్చు. దారి పొడవునా సమాన దూరాల్లో అలాంటి గుంటలు పడితే ప్రభావాలు కలిసి ఎర్రర్లుగా బయటపడతాయి. టై తీసేసినా గుంట చాలాసార్లు పూర్తిగా పోదు.

వెల్క్రో కూడా బిగించి లాగితే ఇదే చేస్తుంది. సరిగా కట్టారా అని చూడటానికి పట్టీని పట్టుకుని కట్ట వెంట జరపండి. తేలిగ్గా జరగాలి, లోపల ఒక కేబుల్‌ను చివర పట్టుకుని లాగితే అది ఒక్కటే కదలాలి. కదలకపోతే వదులు చేయండి.

కట్టల మధ్య దూరాన్ని సరిగ్గా ఒకేలా పెట్టకండి, కొంచెం అటూఇటూగా ఉంటేనే మంచిది. అలాగే, షీల్డ్ లేని క్యాట్6ఏ మీద 10 గిగాబిట్ నడుపుతుంటే, కేబుళ్లను దువ్వెనతో దువ్వినట్టు సమాంతరంగా పేర్చి బిగించాలన్న ఆశ వదిలేయండి. ఒకే రెండు కేబుళ్లు పొడవునా ఆనుకుని సాగితే పక్క కేబుల్ సిగ్నల్ దీంట్లోకి దూరుతుంది. వదులుగా, సహజంగా పడిన కట్టే అక్కడ మెరుగ్గా పనిచేస్తుంది. చూసేవాళ్లకు నచ్చకపోయినా పర్వాలేదు.

పీఓఈ నడిచే (డేటాతోపాటే పరికరాలకు కరెంటునూ మోసే) కేబుళ్లయితే కట్టకు 24 దాటకుండా చూడండి. 802.3బీటీ ప్రమాణంలో ఒక్కో పోర్టు 90 వాట్ల దాకా ఇస్తుంది. పెద్ద కట్ట నడుమ ఉన్న కేబుళ్ల వేడి బయటికి పోయే దారి లేదు. వేడెక్కిన తీగ నిరోధం పెరిగి సిగ్నల్ కూడా తగ్గుతుంది. సన్నటి 28 ఏడబ్ల్యూజీ ప్యాచ్ కార్డులు సర్దడానికి హాయిగా ఉంటాయి గానీ వేడి వాటిలోనే ఎక్కువ, కాబట్టి కట్టలు ఇంకా చిన్నవి చేయండి. రాగి పూసిన అల్యూమినియం కేబుళ్లను పీఓఈకి అస్సలు వాడకండి.

జిప్ టై తప్పనిసరయ్యే చోట్లు ఉన్నాయి, ఉదాహరణకు పవర్ కేబుల్‌ను పీడీయూ ఫ్రేమ్‌కు ఆనించడం. అక్కడ చేత్తోనే బిగించండి, గన్‌తో వద్దు. తోకను ఫ్లష్ కట్టర్‌తో తల దగ్గర సమంగా కోయండి. ఏటవాలుగా కోసిన తోక బ్లేడులా ఉంటుంది, తర్వాత చెయ్యి పెట్టినవాళ్ల మణికట్టు గీసుకుపోతుంది.

8. సరిచూసుకోవడం

అన్నీ బాగున్నట్టు కనిపించడం చాలదు. వరుసగా ఇవి చేయండి.

1. ప్రతి పోర్టు లింక్ స్పీడు చూడండి. గిగాబిట్ రావాల్సిన చోట 100 మెగాబిట్ చూపిస్తే మొదట కేబుల్‌నే అనుమానించండి. గిగాబిట్‌కు నాలుగు జంటలూ కావాలి, 100 మెగాబిట్‌కు రెండు చాలు. అంటే ఒక జంట తెగినా, పంచ్‌లో సరిగా దిగకపోయినా లింక్ పైకి పనిచేస్తున్నట్టే ఉండి స్పీడు పడిపోతుంది.
2. ఎర్రర్ కౌంటర్లను సున్నా చేసి, భారీ ఫైలు ఒకటి పంపి, మళ్లీ చూడండి. సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో దెబ్బతిన్న డేటా లెక్క) పెరుగుతుంటే ఆ కేబుల్ మార్చండి. మరుసటి రోజు పని వేళల్లో మరోసారి చూడండి, వేడి, లోడ్ రెండూ అప్పుడే తెలుస్తాయి.
3. పింగ్ (అవతలి పరికరానికి వరుసగా పంపే పరీక్ష సందేశాలు) నడుస్తుండగా ప్రతి కట్టనూ చేత్తో మెల్లగా కదపండి. ప్యాకెట్ పోయినా, లైటు ఆరినా ఎక్కడో ప్లగ్గు పూర్తిగా దిగలేదు.
4. ఫైబర్ రిసీవ్ పవర్‌ను ముందు రాసుకున్న అంకెతో పోల్చండి. అర డీబీకి మించి తగ్గితే ముందు కనెక్టర్ తుడవండి, తర్వాత వంపులు వెతకండి. 1550 నానోమీటర్ల దగ్గర నష్టం 1310 దగ్గరకంటే బాగా ఎక్కువగా ఉంటే అది వంపు వల్లే అని దాదాపు ఖాయం.
5. సేవలో పెట్టకముందే 'ఏ' ఫీడ్ ఆపించి అన్నీ నడుస్తున్నాయో చూడండి, దాన్ని తిరిగి పెట్టించాక 'బీ' ఆపించి చూడండి. నడుస్తున్న ర్యాక్ అయితే దీనికి అనుమతి, సమయం రెండూ ముందే తీసుకోవాలి.
6. ముందు, వెనక తలుపులు మూసి తాళం వేయండి. బలం పెట్టాల్సి వచ్చిందంటే లోపల ఏదో వంగుతోంది. మూశాక లింకులు మరోసారి చూడండి.
7. ఒక స్విచ్‌ను ఎంచుకుని దాని స్క్రూలు, కేబుళ్లు తీసి బయటికి లాగి చూడండి. ఏ పక్క కేబుల్ అడ్డొచ్చిందో అదే మీరు మళ్లీ దారి మార్చాల్సిన కేబుల్.

ర్యాక్ ఇప్పటికే చిక్కుపడి ఉంటే

మొత్తం ఒక్క రాత్రిలో పీకి మళ్లీ పెట్టాలని చూడకండి. పనివేళల్లోనే లేబుళ్లు వేయడం, రికార్డు రాయడం పూర్తి చేయండి, వీటికి దేన్నీ ఊడదీయనక్కర్లేదు. లేబుల్ వేసేముందు కేబుల్‌ను రెండో చివర దాకా చేత్తో పట్టుకుని వెళ్లండి, లేదా టోనర్ (కేబుల్‌లోకి శబ్ద సిగ్నల్ పంపి రెండో చివర కనిపెట్టే పనిముట్టు) వాడండి. స్విచ్ ఎమ్‌ఏసీ టేబుల్‌తో (ఏ పోర్టులో ఏ పరికరం ఉందో చూపే పట్టికతో) సరిపోల్చుకుంటే ఇంకా మంచిది.

తర్వాత నిలువు మేనేజర్లు బిగించండి. ఒక మెయింటెనెన్స్ సమయంలో ఒక స్విచ్ మాత్రమే తీసుకుని, దాని కార్డులను కొత్త కార్డులతో కొత్త దారిలో మార్చండి. కొత్త కార్డును ముందే దారిలో పరిచి లేబుల్ వేసి ఉంచితే, పాతది పీకి కొత్తది పెట్టడానికి పోర్టుకు కొన్ని సెకన్లే పడుతుంది. ట్రంక్ పోర్టులు (చాలా నెట్‌వర్కుల డేటా కలిసి వెళ్లే పోర్టులు), రెండు స్విచ్‌ల మధ్య లింకులు ఆఖరుకు ఉంచండి. రెండు లింకులు కలిపి నడుస్తుంటే ఒకటి మార్చి, అది పూర్తిగా నిలబడిందని చూశాకే రెండోదాని మీద చెయ్యి వేయండి. పాత టైలు కోసేటప్పుడు కట్టర్ మొనను కేబుల్‌కు వ్యతిరేక దిశలో, టై తల పక్కన పెట్టండి.

పీకిన పాత కేబుల్‌ను రెండు చివర్ల మధ్య ఎక్కడా మిగల్చకుండా మొత్తం బయటికి తీసేయండి. బిగుసుకుపోయి రాకపోతే బలంగా లాగకండి, పక్కనున్న నడుస్తున్న కేబుల్ కూడా దాంతోపాటే వస్తుంది. అలాంటప్పుడు రెండు చివర్లా 'వాడుకలో లేదు' అని రాసి, కట్ట విప్పే రోజు దాకా అక్కడే వదిలేయండి. రికార్డులో మాత్రం ఆ వరుసను అదే రోజు కొట్టేయండి.